ఏప్రిల్ 12న మొక్కలు నాటకండి, గింజలు ఏరండి: వనజీవి రామయ్య గారి పేరు మీద ఖమ్మం జిల్లా పంచాయతీలకు బహిరంగ లేఖ

గ్రామ పంచాయతీల సర్పంచులకు, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శులకు, ఉపాధి హామీ సిబ్బందికి నమస్కారం.

ఏప్రిల్ 12, దశాబ్దాల పాటు ఊరూరా మొక్కలు నాటిన వనజీవి రామయ్య గారి వర్ధంతి. 2025లో అదే రోజు ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లిలో గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. ఆ తేదీ వచ్చిందంటే ఫోటోకు దండ వేయడం, నాలుగు మంచి మాటలు చెప్పడం, చివర్లో అందరూ కలిసి ఓ పది మొక్కలు నాటడం మామూలు. దండ వేయండి, మాట్లాడండి. మొక్కలు మాత్రం ఆ రోజు నాటకండి. ఏప్రిల్ రెండో వారానికి మన దగ్గర ఎండ నలభై డిగ్రీల దగ్గర ఉంటుంది, వానలకు ఇంకా రెండు నెలల పైనే ఉంది. నర్సరీ నీడలో, రోజూ తడి తగులుతూ పెరిగిన మొక్కను తెచ్చి ఆ ఎండలో గుంతలో పెడితే ఆకు ఆవిరి చేసేంత నీటిని కొత్త వేరు అందించలేదు. మొదట కొస ఎండుతుంది, తర్వాత మొదలు ఎండుతుంది. ఆయన పేరు మీద నాటి, ఆయన పేరు మీదే చంపినట్టవుతుంది.

ఆ రోజు చేయాల్సిన పని గింజలు ఏరడం. రామయ్య గారు వేసవిలో చేసింది అదే. సైకిలు మీద తిరుగుతూ చెట్ల కింద రాలిన గింజలు, కాయలు ఏరి జేబుల్లో, సంచుల్లో ఇంటికి చేర్చేవారు. వానలు పడ్డాక కాలువ గట్ల మీద, రోడ్ల పక్కన, ఖాళీ జాగా కనిపించిన చోటల్లా నాటేవారు. పాత రేకుల మీద, అట్టల మీద 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసి మెడలో వేసుకుని తిరిగిన మనిషిగా ఆయన్ను లోకం గుర్తుపెట్టుకుంది. ఫోటోలో పడేది ఆ రేకే కాబట్టి అందులో వింత లేదు. చూడాల్సింది మాత్రం ఆ జేబు.

ఆయన కోటికి పైగా మొక్కలు నాటారని అంటారు. 2017లో పద్మశ్రీ వచ్చినప్పుడూ, పోయినప్పుడూ అందరూ చెప్పింది ఆ అంకెనే. దాన్ని పట్టుకుని మీరు కూడా మండలానికి ఇన్ని లక్షలని లక్ష్యాలు పెట్టకండని మా మనవి. ఏ ఆర్డరూ లేకుండా, ఏ బిల్లూ పెట్టకుండా, ఎవరూ లెక్క అడగకపోయినా దశాబ్దాల పాటు చేసిన పని అది. పంచాయతీ పని అలా నడవదు, నడవాలని ఆశించడమూ న్యాయం కాదు. ఆయన పద్ధతిలో మనకు పనికొచ్చేది వేళ. ఏ గింజ ఎప్పుడు పండుతుందో, ఎన్నాళ్లు బతికి ఉంటుందో, ఎప్పుడు మట్టిలో పడాలో ఆయనకు తెలుసు. మన నర్సరీల్లో పోయింది అదే.

ఇంకో మాట. ఆయన పని ఒంటరి పని కాదు, ఇంటి పని. భార్య జానమ్మ గారు ఆయనతో పాటు గింజలు ఏరారు, నాటారు, నీళ్లు పోశారు. గింజల కోసం, మొక్కల కోసం పొలం అమ్ముకున్నారని పత్రికలు రాశాయి. పొలం అమ్మడానికి ఇంట్లో ఇంకొకరు సరేనంటేనే కదా. మనవరాళ్లకు కూడా పూల పేర్లు, చెట్ల పేర్లు పెట్టుకున్న కుటుంబం అది. ఏ ఊళ్లో ఏ బోర్డు రాయించినా, ఏ వనానికి పేరు పెట్టినా ఇద్దరి పేర్లూ రాయండి. పద్మశ్రీ ఒక్కరికే ఇస్తారు, బోర్డుకు ఆ నిబంధన లేదు.

ఇక పనిలోకి వద్దాం. ఏప్రిల్ 12 నాటికి మన ఊళ్లలో పండి ఉండేవి కానుగ, చింత, రేల, మారేడు. ఒక ఉదయం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా పదిమంది తిరిగితే పంచాయతీకి సరిపడా దొరుకుతాయి. కావాల్సినవి గుడ్డ సంచులో గోనె సంచులో, ఒక దోటి, ఒక పాత టార్పాలిన్, పెన్సిలు, కాగితం ముక్కలు. ప్లాస్టిక్ కవర్లు వద్దు. లోపల చెమ్మ పట్టి గింజ బూజెక్కుతుంది. ప్రతి సంచిలో చెట్టు పేరు, ఎక్కడ ఏరారో, తేదీ రాసిన కాగితం వేయండి. పెన్సిలుతో రాయమనడం ఎందుకంటే పెన్ను సిరా చెమ్మకు అలుక్కుపోతుంది.

ఒకే చెట్టు కింద సంచి నింపేసి వచ్చేయడం అందరూ చేసే పొరపాటు. ఆ చెట్టుకు వంకర మాను ఉన్నా, తొందరగా తెగులు పట్టే గుణం ఉన్నా ఊరంతా అదే పాకుతుంది. నడివయసులో ఉన్న, మాను తిన్నగా ఉన్న, బాగా కాసే చెట్లు కనీసం పది చూసుకుని ఒక్కోదాని కింద కొంచెం కొంచెం ఏరండి. పచ్చికాయల్ని దోటితో రాల్చకండి. అవి మొలవవు, మొలిచినా నిలవవు.

కానుగ కాయ ముదిరి గోధుమరంగుకు వచ్చాక కోసి రెండు మూడు రోజులు ఎండబెట్టి కర్రతో కొడితే గింజ బయటపడుతుంది. కిలోకు వెయ్యి దాకా తూగుతాయి. నర్సరీలో మట్టి నింపిన కవరుకు రెండు చొప్పున పెడితే వెయ్యి కవర్లకు రెండు కిలోలు లెక్క వేసుకోండి. రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, పైకి తేలినవి పారేసి, గింజ మీద ఉండే మచ్చ కిందికి వచ్చేలా అంగుళంలోపు లోతున పెడితే పది పదిహేను రోజుల్లో మొలక వస్తుంది. కానుగకు వేడినీళ్లు పోయకండి, గింజ ఉడికిపోతుంది.

చింతకు మాత్రం వేడినీళ్లు కావాలి. దాని తోలు నీటిని లోపలికి రానివ్వదు. నీళ్లు మరగనిచ్చి, పొయ్యి మీద నుంచి దించాక గింజలు వేయాలి. పొయ్యి మీద ఉండగానే వేస్తే పాడవుతాయి. గింజలకు అయిదు రెట్లు నీళ్లు ఉండాలి. అవే నీళ్లలో తెల్లారేదాకా వదిలేస్తే గింజలు ఉబ్బుతాయి. ఉబ్బనివాటిని ఏరి మళ్లీ ఒకసారి అలాగే చేయండి. చింతగింజకు పుచ్చు తొందరగా పడుతుంది. దాచుకునేటప్పుడు బూడిద కలిపి కుండలో పోసి మూతి కట్టండి.

రేలకాయ మూరెడు పొడవు, నల్లగా ఉంటుంది. పగలగొడితే లోపల గదులు, గదికో గింజ, చుట్టూ నల్లటి జిగురు. కడిగి ఆరబెట్టాక చూస్తే బొత్తాంలా మెరుస్తుంది. ఆ మెరుపే దాని తాళం. అలాగే నాటితే నెలల తరబడి మట్టిలో రాయిలా పడి ఉంటుంది. నర్సరీ శిక్షణలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడమని చెబుతారు. ఊళ్లో ఆ పని పెట్టుకోకండి, చేతులు కాలతాయి. గరుకు బండ మీద గింజ అంచును నాలుగు సార్లు రుద్ది లోపలి తెలుపు కనిపించగానే ఆపి, రాత్రంతా నానబెట్టండి. మొలక గింజ కొనలో ఉంటుంది కాబట్టి కొన రుద్దకూడదు, పక్క అంచు రుద్దాలి. ఒక మనిషి కూర్చుంటే పూటకు కొన్ని వందలు అవుతాయి, కూలీ దండగ అనుకోవద్దు.

మారేడు పండు పగలగొట్టి గుజ్జును ఇసుకతో కలిపి పిసికి కడిగితేనే గింజ చుట్టూ ఉన్న జిగురు పోతుంది. జిగురుతో నాటితే చీమలు ఎత్తుకుపోతాయి, మిగిలింది కుళ్లుతుంది. నీడలో ఒక రోజు ఆరబెట్టి వెంటనే నాటండి. నిలవ ఉంచితే మొలక శాతం పడిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మన పంచాయతీ నర్సరీల్లో కవర్లు చలికాలంలో నింపి, జనవరి ఫిబ్రవరిల్లో గింజ పెట్టి, జూలై వనమహోత్సవానికి మొక్క సిద్ధం చేయమంటారు. కానుగకు, చింతకు ఈ లెక్క కుదురుతుంది. నిరుడు ఏరి దాచినవి పనికొస్తాయి. వేపకు కుదరదు. వేపపండు మన దగ్గర జూన్, జూలై నెలల్లో పండుతుంది, గింజలో జీవం రెండు మూడు వారాలకు మించి ఉండదు. నేరేడు, ఇప్ప కూడా అంతే. పండిన పక్షం రోజుల్లో మట్టిలో పడాలి. జనవరిలో వేపగింజ పెట్టమంటే అది ఆరు నెలల కిందటే చచ్చిన గింజ. అందుకే నర్సరీల్లో వేప వరసలు ఖాళీగా కనిపిస్తాయి, వాటి బదులు ఏది తొందరగా లేస్తే అది నింపుతారు. కోనోకార్పస్ అనే చెట్టు అలాగే ఊళ్లలోకి వచ్చింది. కొమ్మ గుచ్చితే చాలు పెరుగుతుంది, పశువు ముట్టదు, లెక్క పూర్తవుతుంది. తర్వాత రాష్ట్రమే దాన్ని వద్దనాల్సి వచ్చింది.

కాబట్టి వేప, నేరేడు, ఇప్పలకు వేరే క్యాలెండర్ పెట్టండి. జూన్ చివర్లో చెట్టు కింద టార్పాలిన్ పరిచి పసుపురంగు తిరిగిన వేపపండ్లు పట్టాలి. నేల మీద రోజుల తరబడి పడి ఉన్నవాటికి బూజు ఉంటుంది. అదే రోజు నీళ్లలో నానబెట్టి గుజ్జు పిసికేయాలి, రెండు రోజులు నీడలో ఆరబెట్టాలి, ఎండలో పోయకూడదు. ఆ వారంలోనే కవరులో పెట్టాలి. ఆ మొక్క వచ్చే ఏడాది జూలైకి ఏడాది వయసుతో, నడుం ఎత్తుతో నాటడానికి సిద్ధంగా ఉంటుంది. ఇందుకు కావాల్సింది నర్సరీలో ఒక వరసను రెండో ఏటికి వదిలే అనుమతి. జూలైలో నర్సరీ ఖాళీ చేసి చూపించమనే అధికారులు ఈ ఒక్క వరస దగ్గర ఆగాలి.

కవరులోకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. నల్లరేగడి ఒక్కటే నింపితే నీళ్లు ఇంకక వేరు కుళ్లుతుంది. నెలకోసారి కవర్లను కదిపి పక్కకు జరపాలి. లేకపోతే తల్లివేరు కవరు చించుకుని నేలలోకి దిగుతుంది, నాటేరోజు లాగితే తెగుతుంది. ఏడాది ఉంచే వేపను ఆరో నెలలో పెద్ద కవరులోకి మార్చకపోతే వేరు అడుగున చుట్ట చుట్టుకుంటుంది. అలాంటి చెట్టు మూడు నాలుగేళ్లు బాగానే పెరిగి ఒక గాలివానకు పక్కకు ఒరుగుతుంది. అప్పుడు గాలిని తిడతాం.

శ్రీగంధం పెంచాలనుకునే పంచాయతీలు ఒక సంగతి గమనించాలి. అది ఒంటరిగా బతికే చెట్టు కాదు. దాని వేళ్లు పక్క మొక్క వేళ్లకు అతుక్కుని పోషకాలు పీల్చుకుంటాయి. మొక్క నాలుగైదు ఆకులు తొడగగానే అదే కవరులో పొన్నగంటి కూర రెమ్మ ఒకటి గుచ్చాలి. పొన్నగంటి ఎక్కువై గంధాన్ని కప్పేస్తే తుంచుతూ ఉండాలి, పీకకూడదు. కలుపు తీసేవాళ్లకు ముందే చెప్పకపోతే కలుపనుకుని పీకేస్తారు, నెల తిరిగేసరికి గంధం మొక్క పసుపు తిరుగుతుంది. నాటాక పక్కన కంది వేసి, తర్వాత ఒక కానుగను తోడు ఇవ్వండి.

కవరు లేకుండా నేరుగా గింజ నాటడం రామయ్య గారి దారి. పంచాయతీలు దాన్ని లెక్కలోకే తీసుకోవడం లేదు, గింజను ఫోటో తీయలేం కాబట్టి కావచ్చు. కానీ గుట్టల దగ్గర, చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) అవతల, కాలువ గట్టు కింది అంచున అంతకంటే చౌక పద్ధతి లేదు. నేలలోనే మొలిచిన మొక్క తల్లివేరు తిన్నగా దిగుతుంది, నీళ్లు మోసే పని తగ్గుతుంది. తొలకరి మొదటి జల్లుకు తొందరపడకండి. ఆ జల్లుకు మొలిచి, తర్వాత పది రోజులు వాన లేకపోతే అంతా మాడిపోతుంది. నేల జానెడు లోతు తడిసిన రెండో మూడో వానకు గునపంతో చిన్న గుంత పొడిచి మూడేసి గింజలు, గింజ మందానికి రెండింతల లోతున వేసి మట్టి కప్పండి. మూడింట్లో ఒకటి నిలిస్తే మంచి లెక్కే. విత్తన బంతులు చేసి విసరడం చూడ్డానికి బాగుంటుంది. గట్టి తోలున్న గింజలకు కొంత పనిచేస్తుంది. ఏప్రిల్‌లో ఏరిన మారేడునో, నిరుటి వేపనో బంతి చుట్టి దాస్తే అది ఉత్త మట్టిముద్ద.

సాగర్ కాలువ గట్ల మీద నాటేవాళ్లు నీళ్ల వైపు వాలులో, గట్టు నడినెత్తిన నాటకండి. పెద్ద వేరు గట్టును గుల్ల చేస్తుంది, నీటిపారుదల వాళ్లు వచ్చి కొట్టేస్తారు, వాళ్లది తప్పూ కాదు. బయటి వైపు పాదం దగ్గర నాటండి. పక్క పొలంలో వరి కొయ్యలకు పెట్టిన మంట గట్టెక్కి వరసలకు వరసలు కాల్చేస్తుంది. కోతలయ్యాక మొక్కల వరసకు, పొలానికి మధ్య రెండు గజాల మేర గడ్డి చెక్కించడం ఉపాధి పనిలో పెట్టండి.

రోడ్ల పక్కన నాటే మొక్కకు గుంత మే నెలలోనే తవ్వాలి, ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు. పైమట్టి ఒక పక్క, కిందిమట్టి ఇంకో పక్క పోసి, నింపేటప్పుడు పైమట్టిని అడుగుకు వేయాలి. నాటేరోజు కవరును బ్లేడుతో నిలువునా కోసి మట్టిగడ్డ చెదరకుండా దించాలి. కార్యక్రమం తొందరలో కవరుతోనే పాతిపెట్టిన మొక్కలు ఎన్నో. కాండం మొదలు కవరులో ఎంత పైకి ఉందో గుంతలోనూ అంతే ఉండాలి, మట్టిలో కూరుకుపోతే బెరడు కుళ్లుతుంది. పైన కరెంటు తీగ ఉంటే అక్కడ వేప, రావి పెట్టకండి. ఏటా తల నరికించుకునే చెట్టును ఎందుకు పెంచడం? రేలనో ఉసిరినో పెట్టండి. ట్రీగార్డు ఇనుపదైతే మూడో ఏట తీసి ఇంకో మొక్కకు వేయండి, లేకపోతే మానులోకి దిగబడి కోస్తుంది.

నీళ్ల లెక్క చూసుకున్నాకే నాటే లెక్క తేల్చండి. ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య దాకా వారానికి మొక్కకు పది లీటర్లు కావాలి. అయిదు వేల లీటర్ల ట్యాంకరు కాగితం మీద అయిదు వందల మొక్కలకు వస్తుంది, కారేది, ఒలికేది తీసేస్తే నాలుగు వందలకు. నాలుగు వేల మొక్కలు నాటిన పంచాయతీ వారానికి పది ట్యాంకర్లు తోలాలి, అదీ ఇరవై వారాలు, మూడు వేసవులు. ట్రాక్టరు ఉంది, ట్యాంకరు ఉంది, ఏప్రిల్ వచ్చేసరికి డీజిలుకు డబ్బుండదు. 2018 పంచాయతీరాజ్ చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టమంది, నాటినవాటిలో 85 శాతం బతకాలంది. ఆ పది శాతంలో ముందు డీజిలు, డ్రైవరు కూలీ పక్కన పెట్టి, మిగిలిన దాన్ని బట్టి ఎన్ని మొక్కలో తేల్చుకోండి. నాలుగు వందలే తేలితే నాలుగు వందలే నాటండి. పై అధికారులారా, అలా తక్కువ నాటిన సర్పంచును సంజాయిషీ అడగకండి. అడగాల్సింది, చచ్చిన మొక్క గుంతలోనే ఏటా కొత్తది పెట్టి మూడేళ్లలో మూడు మొక్కలుగా చూపించే రిజిస్టరును. గుంతకు ఒక నంబరు ఇచ్చి, అందులో ఎన్నిసార్లు నాటారో అదే వరసలో రాస్తే ఈ దాపరికం కుదరదు.

చివరిగా ఒక వినతి. 2022లో రోడ్డు దాటుతున్న రామయ్య గారిని ఒక ద్విచక్ర వాహనం ఢీకొట్టింది. గాయాలతో ఆసుపత్రిలో ఉండి కూడా ఆ యువకుడి మీద కేసు వద్దని, వంద మొక్కలు నాటిస్తే చాలని ఆయన కోరారు. షాపు బోర్డు కనబడటం లేదని, పొలానికి నీడ పడుతుందని చెట్టు మొదట్లో నిప్పు పెట్టేవాళ్లు, బెరడు చుట్టూ కోసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. జరిమానాతో పాటు వంద మొక్కలు వాళ్ల చేత కూడా నాటించండి. మొక్కలు పంచాయతీ నర్సరీ నుంచే ఇవ్వండి, గుంతల నంబర్లు వాళ్ల పేరు మీద రాయండి, మూడు వేసవుల ట్యాంకరు ఖర్చు వాళ్ల దగ్గరే వసూలు చేయండి.

ఇట్లు,
ఖమ్మం రూరల్ చుట్టుపక్కల ఊళ్ల నర్సరీ పనివాళ్లు, వనసేవకులు, గింజలు ఏరేవాళ్లు